సముద్రం ఒడ్డున పుప్పొడి ఉండదనుకున్నా: నా అలర్జీ టెస్టు అనుభవం

నాది జలుబు కాదని తెలియడానికి రెండేళ్ళు పట్టింది. ఎవరికైనా ఉపయోగపడుతుందని మొత్తం రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మేము సముద్రానికి దగ్గర్లో ఉండే ఇంట్లోకి మారాక మొదటి ఏడాది ఏమీ లేదు. రెండో ఏడాది నుంచి మొదలైంది. పొద్దున్న లేవగానే వరుసగా పది పన్నెండు తుమ్ములు, ముక్కు నుంచి నీళ్ళు కారిపోవడం, కళ్ళలో ఇసుక పడ్డట్టు దురద, అంగిట్లో కూడా దురద, అది నాలుకతో గోక్కోవాలనిపించే దురద, పడ్డవాళ్ళకే తెలుస్తుంది. పదకొండు పన్నెండయ్యేసరికి కాస్త తెరిపి. మళ్ళీ రాత్రి పడుకునే టైంకి ముక్కు పూర్తిగా దిబ్బడ, నోటితో ఊపిరి పీల్చుకుంటూ పడుకోవడం, తెల్లారేసరికి గొంతు ఎండిపోయి ఉండేది. మా అమ్మ "చన్నీళ్ళతో తల స్నానం చేస్తున్నావు, సముద్రపు గాలికి తిరుగుతున్నావు, రొంప పట్టకేం చేస్తుంది" అనేది. నేనూ అదే నమ్మా, తల స్నానం తగ్గించా, చెవులకి గుడ్డ కట్టుకున్నా, బీచ్ రోడ్డు మీద వాకింగ్ మానేశా. ఏం తేడా లేదు.

ఒక క్లినిక్‌కి వెళ్తే యాంటీబయాటిక్ రాశారు, ఐదు రోజులు వాడా. తగ్గినట్టే అనిపించి మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఇంకో కోర్సు. ఆ రెండేళ్ళలో ఎన్ని కోర్సులు వాడానో ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది, ఎందుకంటే ఒక్కసారి కూడా నాకు జ్వరం లేదు, ముక్కులోంచి వచ్చేది నీళ్ళలా తెల్లగా పల్చగానే ఉండేది. అలర్జీకి యాంటీబయాటిక్‌తో పనే లేదు. దానికంటే పెద్ద తప్పు ఇంకోటి జరిగింది. రాత్రిళ్ళు నిద్ర పట్టక ముక్కులో వేసుకునే డ్రాప్స్ తెచ్చుకున్నా, వేసిన రెండు నిమిషాల్లో ముక్కు తెరుచుకునేది, అంత హాయిగా ఉండేది, అందుకే రోజూ వేసుకోవడం అలవాటైపోయింది. అవి మూడు నుంచి ఐదు రోజులకి మించి వాడకూడదని నాకెవరూ చెప్పలేదు. ఎక్కువ రోజులు వాడితే ముక్కు లోపలి పొర వాటికి అలవాటు పడిపోయి మందు దిగగానే ముందుకంటే ఎక్కువ ఉబ్బుతుంది, అప్పుడు మళ్ళీ డ్రాప్స్. నేను నాలుగు నెలలు వాడా. కాబట్టి రాత్రి దిబ్బడలో సగం అలర్జీ, సగం ఆ డ్రాప్స్ చేసిన పనే. ఈ ఒక్క ముక్క ఎవరైనా గుర్తు పెట్టుకుంటే చాలు నాకు.

చివరికి ఈఎన్‌టీ డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళా. ఆవిడ ముక్కులో లైటు వేసి చూడకముందే అడిగిన మొదటి ప్రశ్న "ఎన్ని రోజుల నుంచమ్మా?" నేను "ఈసారి పోయిన నెల మొదట్లో నుంచి" అన్నా. "జలుబైతే వారం, మహా అయితే పది రోజులు. నెలన్నర జలుబు ఉండదు. కళ్ళు దురద పెడతాయా?" అవునన్నా. "ఒళ్ళు నొప్పులు, జ్వరం?" లేవన్నా. "పిల్లికూతలు, ఆయాసం, రాత్రి దగ్గు?" లేవన్నా, అయినా ఊదించే పరీక్ష చేయించారు, స్పైరోమెట్రీ అంటారు. ముక్కుకీ ఊపిరితిత్తులకీ దారి ఒకటే కాబట్టి ముక్కు అలర్జీ ఉన్నవాళ్ళలో చాలామందికి ఆస్తమా కూడా ఉంటుందట, అది దాక్కుని ఉంటే ముందే పట్టుకోవాలన్నారు. నాది నార్మల్ వచ్చింది. ముక్కు లోపల పొర పాలిపోయి, ఉబ్బి ఉందని చెప్పారు, అది అలర్జీ ముక్కు ఉండే తీరు. డ్రాప్స్ ఆపేయమన్నారు. తర్వాత పది రోజులు నరకమే కానీ పదకొండో రోజుకి నాలుగు నెలల తర్వాత మొదటిసారి డ్రాప్స్ లేకుండా పడుకున్నా.

అలర్జీ అనగానే నా బుర్ర వెంటనే గేటు పక్కనున్న కాగితం పూల చెట్టు మీదకి పోయింది. విరగబూసి ఉంటుంది కదా, దాని పుప్పొడే అయ్యుంటుందని కొట్టించేద్దామనుకున్నా. డాక్టర్ గారు ఆపారు. రంగురంగుల పూలు పురుగుల్ని, సీతాకోకచిలుకల్ని పిలవడానికే అలా పూస్తాయి, వాటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉండి కాళ్ళకి అంటుకుని పోతుంది, గాల్లో పెద్దగా ఎగరదు. మనల్ని ఇబ్బంది పెట్టేవి గాలి మీద ఆధారపడేవి, గడ్డి, కలుపు మొక్కలు, కొన్ని చెట్లు. వాటి పూలు పూలని కూడా అనిపించవు. ఆ రోజు ఇంటికొస్తూ చూస్తే రోడ్డు పొడుగునా సరుగుడు చెట్ల కొమ్మల చివర్లు ఎర్రగా, కాస్త గోధుమ రంగులో కుచ్చులా ఉన్నాయి. అవే మగ పూలట! ఇన్నేళ్ళు వాటి కింద నుంచే నడిచా, ఒక్కసారి కూడా పువ్వు అనుకోలేదు.

టెస్టుకి ముందు రెండు పనులు చెప్పారు. ఒకటి డైరీ రాయమన్నారు, రెండోది సిట్రిజిన్ లాంటి మాత్రలన్నీ వారం ముందు ఆపమన్నారు.

డైరీ గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే నాకు అసలు విషయం అక్కడే అర్థమైంది. మొదట నేను ఫోన్‌లో వెదర్ యాప్ చూపించే పుప్పొడి నంబర్ రాసుకున్నా. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని చూపిస్తుంది కదా. దానికీ నా తుమ్ములకీ పొంతనే లేదు. తక్కువ అన్న రోజు నేను పడుకునే ఉన్నా, ఎక్కువ అన్న రోజు హాయిగా ఉన్నా. తర్వాత చదివితే తెలిసింది, నిజంగా పుప్పొడి లెక్కపెట్టడమంటే ఒక మెషీన్ పెట్టాలి. 1952లో హర్స్ట్ అనే ఆయన తయారు చేసిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. ఆ మెషీన్ నిమిషానికి 10 లీటర్ల గాలి పీలుస్తుంది, సుమారు మన ఊపిరంత అన్నమాట, లోపల జిగురు పూసిన టేపు గంటకి 2 మిల్లీమీటర్ల చొప్పున తిరుగుతూ ఉంటుంది, ఆ టేపు తీసి మైక్రోస్కోప్ కింద పెట్టి మనిషి కూర్చుని ఒక్కో రేణువూ గుర్తుపట్టి లెక్కపెట్టాలి. ఘనపు మీటరు గాలికి ఇన్ని రేణువులు అని వచ్చేది ఆ లెక్క, అదీ మామూలుగా 24 గంటల సగటు. మా ఊళ్ళో అలాంటి మెషీనే లేదు. యాప్‌లో వచ్చేది వాతావరణం, ఆ ప్రాంతంలో ఉండే మొక్కలు చూసి కంప్యూటర్ వేసే అంచనా. దాన్ని తప్పుపట్టట్లేదు, కానీ సముద్రం పక్కన ఒకే రోజులో గాలి రెండుసార్లు దిక్కు మారుతుంటే రోజంతటికీ ఒకే నంబర్ ఏం చెప్తుంది?

అందుకని మూడో వారం నుంచి యాప్ వదిలేసి గాలి రాసుకోవడం మొదలుపెట్టా. డాబా మీద ఒక పాత రిబ్బన్ కట్టా. పొద్దున్న ఆరింటికి, పదింటికి, మధ్యాహ్నం, సాయంత్రం అది ఎటు ఎగురుతోంది, తుమ్ములెన్ని, ముక్కు ఎలా ఉంది, కళ్ళు ఎలా ఉన్నాయి, సున్నా నుంచి మూడు దాకా మార్కులు. పదిహేను రోజులకే బొమ్మ కనిపించింది. రాత్రి నేల సముద్రం కంటే తొందరగా చల్లబడుతుంది కాబట్టి గాలి నేల మీద నుంచి సముద్రం వైపు పోతుంది, అంటే ఊరవతల ఉన్న గడ్డి మైదానాల మీద నుంచి, ఖాళీ స్థలాల మీద నుంచి వచ్చే గాలే తెల్లవారుజామున మా కిటికీలోకి వస్తోంది. పైగా ముందు రోజు ఎండకి పైకి లేచిన పుప్పొడి రాత్రి గాలి చల్లబడ్డాక కిందకి దిగుతుంది. నేనేమో స్వచ్ఛమైన గాలి అని ఐదింటికే కిటికీలన్నీ బార్లా తీసేదాన్ని! పదిన్నర పదకొండుకి నేల వేడెక్కి గాలి తిరిగి సముద్రం మీద నుంచి రావడం మొదలయ్యేది, నీళ్ళ మీద గడ్డి లేదు కదా, గంటలో నా ముక్కు తెరుచుకునేది. అమ్మ చెప్పిన సముద్రపు గాలే నన్ను కాపాడుతోంది, నేను దానికి భయపడి తలుపులేసుకున్నా. అమ్మకి చూపిస్తే ఆ రిబ్బన్ వంక చాలాసేపు చూసి "మరి ఇన్నాళ్ళూ చెవులకి గుడ్డ దేనికి కట్టించానే" అంది పాపం.

సముద్రం ఒడ్డుకి పోతే ఈ జబ్బు నెమ్మదిస్తుందని పాతకాలం నుంచే జనానికి తెలుసట. 1819లో జాన్ బాస్టాక్ అనే లండన్ డాక్టర్ ప్రతి ఎండాకాలం తనకే వచ్చే ఈ బాధని పూసగుచ్చినట్టు రాసి డాక్టర్ల ముందు చదివాడు, కారణం మాత్రం తెలియలేదు. పుప్పొడే కారణమని తేల్చింది మాంచెస్టర్‌లో ప్రాక్టీసు చేసిన చార్లెస్ బ్లాక్లీ, 1873లో. ఆయనకీ ఇదే జబ్బు. తన చర్మం మీద గీరుకుని దాని మీద పుప్పొడి రాసుకుని దద్దురు లేవడం చూశాడు, గాలిపటాలకి జిగురు పలకలు కట్టి పైకి పంపించి అంత ఎత్తులో కూడా పుప్పొడి ఉందని లెక్కపెట్టాడు. నాకు నా రిబ్బన్ గుర్తొచ్చి ఆయన మీద ఎంత ప్రేమ కలిగిందో. ఇప్పుడు చేసే టెస్టు కూడా మూలంలో ఆయన చేసుకున్నదే.

టెస్టు రోజు. మాత్రలు ఆపిన ఆ వారం గురించి ఏం చెప్పను, రోజుకో టవల్ తడిసేది. కానీ ఆపకపోతే అలర్జీ అప్పుడు ఒంట్లో విడుదలయ్యే హిస్టమిన్‌ని మందు అడ్డుకుంటుంది కాబట్టి దద్దురు లేవదు, టెస్టు వేస్టు. జలుబు సిరప్‌లలో కూడా ఆ మందు కలిసి ఉంటుంది, చాలామంది అక్కడ పొరపాటు పడతారట. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే ఆపక్కర్లేదన్నారు.

ముంజేతి లోపలి వైపు స్పిరిట్‌తో తుడిచి, పెన్నుతో నంబర్లు వేసి, ఒక్కో నంబర్ దగ్గర ఒక్కో చుక్క పెట్టారు. చుక్కకీ చుక్కకీ మధ్య రెండు సెంటీమీటర్లకి తగ్గకుండా వదిలారు. చిన్న మొన ఉన్న లాన్సెట్‌తో చుక్క మీద నుంచి పై చర్మాన్ని లైట్‌గా గుచ్చారు, రక్తం రాదు, దోమ కుట్టినంత కూడా లేదు. మొదటి చుక్క హిస్టమిన్, అది కచ్చితంగా ఉబ్బాలి, ఉబ్బకపోతే మందు ఒంట్లో ఇంకా ఉన్నట్టు. రెండోది ఉత్త సెలైన్, అది ఉబ్బకూడదు. మిగతావి పుప్పొళ్ళు, డస్ట్ మైట్స్ అనే దుమ్ము పురుగులు, బూజులు, బొద్దింక, పిల్లి, కుక్క. మూడు నాలుగు నిమిషాలకే దురద మొదలైంది, గోకకూడదు, పదిహేను నిమిషాలు చెయ్యి బల్ల మీద పెట్టి కూర్చోవాలి. నా కళ్ళ ముందే కొన్ని నంబర్ల దగ్గర తెల్లగా ఉబ్బి చుట్టూ ఎర్రగా అవుతోంది. రెండేళ్ళుగా ఎవరికీ చూపించలేని బాధ చేతి మీద కనిపిస్తుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి నాకు. నర్సు గారు నొప్పి అనుకుని "అయిపోయిందమ్మా, ఇంక గుచ్చం" అన్నారు.

తర్వాత స్కేలు పెట్టి కొలిచారు. సెలైన్ కంటే కనీసం 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉబ్బితే పాజిటివ్. నాకు డస్ట్ మైట్ 8, గరిక పుప్పొడి 7, సరుగుడు 5, బొద్దింక 3, వయ్యారిభామ అసలు రాలేదు. ఆ వయ్యారిభామ మీదే మా ఇంట్లో అందరికీ అనుమానం, ఖాళీ స్థలం నిండా అదే కాబట్టి.

ఇక్కడ డాక్టర్ గారు చెప్పిన మాట ముఖ్యమైంది. పాజిటివ్ వచ్చిందంటే ఆ వస్తువు మీద మన ఒంట్లో ఐజీఈ అనే యాంటీబాడీ తయారైందని మాత్రమే, దానివల్లే బాధ వస్తోందని కాదు. అది తేల్చేది లక్షణాలు. అందుకే డైరీ అడిగారు. నా డైరీలో పొద్దుటి నేల గాలితో గడ్డీ సరుగుడూ సరిపోయాయి. బొద్దింకకి సరిపోయేది ఏదీ కనపడలేదు, ప్రస్తుతానికి పక్కన పెట్టమన్నారు. కానీ గాలి ఎటున్నా, సీజన్ లేకపోయినా పక్క దులిపినప్పుడు వచ్చే తుమ్ములు కొన్ని ఉన్నాయి, అవి డస్ట్ మైట్‌వి. మిల్లీమీటర్‌లో మూడో వంతు ఉంటుంది ఆ పురుగు, కంటికి ఆనదు, మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని బతుకుతుంది, గాల్లో తేమే దానికి నీళ్ళు. సముద్రం పక్కన తేమకేం కొదవ? అంటే బయట పుప్పొడి ఎక్కువుందని తలుపులేసుకుని పరుపు మీద పడుకున్న రోజు కూడా నాకు సుఖం లేకపోవడానికి కారణం దొరికింది. ఒకటే జబ్బు అనుకున్నది రెండు దారుల్లో వస్తోంది.

రాత్రి దిబ్బడ ఎందుకో కూడా అడిగా, పొద్దున్న పీల్చిన పుప్పొడికి రాత్రి ఎందుకు అని. పుప్పొడి తగలగానే ముక్కు పొరలో ఉండే మాస్ట్ కణాలు హిస్టమిన్ వదులుతాయి, అది తుమ్ములు, దురద, నీళ్ళు. నాలుగైదు గంటల తర్వాత ఇంకో దఫా కణాలు అక్కడికి చేరి వాపు తెస్తాయి, అది దిబ్బడ. యాంటీహిస్టమిన్ మాత్ర మొదటిదానికి బాగా పనిచేస్తుంది, రెండోదానికి అంతగా కాదు, అందుకే స్ప్రే.

స్ప్రే అంతకుముందు ఒకసారి వాడి పనిచేయట్లేదని పారేశా. కారణం ఇప్పుడు తెలిసింది, మూడు రోజులు వాడి ఆపేశా, పూర్తి ఫలితం రావడానికి రెండు వారాల దాకా పడుతుంది. పైగా తల వెనక్కి వాల్చి కొట్టుకునేదాన్ని, మందంతా గొంతులోకి పోయి చేదు. తల కొంచెం ముందుకి వంచి, కుడి చేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమ చేత్తో కుడి ముక్కులోకి, మధ్య గోడ వైపు కాకుండా బయటికి, అదే పక్కనున్న చెవి వైపు గురిపెట్టి కొట్టాలి, గట్టిగా ఎగపీల్చకూడదు. మధ్య గోడ మీద పడితే రక్తం వస్తుంది. ఆ రోజు డాక్టర్ గారు తన ముందే చేయించి చూశారు. మాత్ర కూడా మత్తు రానిది మార్చారు, ఫెక్సోఫెనడిన్, అది పళ్ళ రసంతో వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు, మంచినీళ్ళతోనే వేసుకోవాలి. ఉప్పు నీళ్ళతో ముక్కు కడుక్కోవడం కూడా చెప్పారు, నీళ్ళు మాత్రం మరిగించి చల్లార్చినవే, కుళాయి నీళ్ళు నేరుగా అస్సలు వద్దు, అరుదుగానే అయినా ఆ నీళ్ళలో ఉండే ఒక రకం అమీబా ముక్కులోంచి మెదడుకి ఎక్కితే ప్రాణం మీదకి వస్తుంది.

ఇంట్లో మార్చినవి: సీజన్‌లో కిటికీలు పొద్దున్న మూసి, గాలి తిరిగాక తీయడం. పక్క బట్టలు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఉతకడం, దిండుకి మైట్స్ దూరని కవరు. ఆ సీజన్‌లో బట్టలు డాబా మీద ఆరేయడం మానేశా, తడి బట్టకి పుప్పొడి ఇట్టే అంటుకుంటుంది. వాకింగ్ సాయంత్రానికి మార్చా, బీచ్ రోడ్డు మీదే. ఉరుముల వాన వచ్చే రోజు మాత్రం బయటికి పోను. వాన పుప్పొడిని కడిగేస్తుందనే అనుకుంటాం, మామూలు వాన కడుగుతుంది కూడా, కానీ ఉరుములతో వచ్చే గాలివాన గడ్డి పుప్పొడిని తేమతో పగలగొట్టి చిన్న ముక్కలు చేస్తుంది. మామూలు రేణువు పెద్దది, ముక్కులోనే ఆగిపోతుంది, ఆ ముక్కలు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 2016 నవంబర్ 21న మెల్‌బోర్న్‌లో అలా ఒక్క సాయంత్రంలో వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకి పోయారు, 10 మంది చనిపోయారు. ఆసుపత్రులకి పోయినవాళ్ళలో చాలామందికి అంతకుముందు ఆస్తమా అని తెలియదు, ముక్కు అలర్జీ మాత్రమే. అది చదివాక నాకు ఆ ఊదే పరీక్ష ఎందుకు చేయించారో ఇంకా బాగా అర్థమైంది.

ఇమ్యునోథెరపీ గురించి చాలామంది అడుగుతున్నారు. ఏది పడదో దాన్నే అతి తక్కువ మోతాదులో మొదలుపెట్టి పెంచుకుంటూ ఒంటికి అలవాటు చేయడం, 1911లో లెనర్డ్ నూన్ గడ్డి పుప్పొడితోనే మొదలుపెట్టాడు. ఇంజెక్షన్లూ ఉన్నాయి, నాలుక కింద పెట్టుకునేవీ ఉన్నాయి. మూడు నుంచి ఐదేళ్ళు. నేను నెల రోజులు ఆలోచించి ఇంజెక్షన్లు ఎంచుకున్నా, మైట్‌కీ గరికకీ. మొదట్లో వారం వారం, ఇప్పుడు నెలకొకటి, పొడిచాక ప్రతిసారీ అరగంట అక్కడే కూర్చోవాలి, ఏదైనా రియాక్షన్ వస్తే చూడ్డానికి. "బానే ఉన్నా కదా వెళ్ళిపోతా" అని ఎవరూ అనొద్దు. పద్నాలుగు నెలలైంది. మొదటి ఆరు నెలల్లో నాకేం తేడా తెలియలేదు, మానేద్దామని కూడా అనిపించింది, ఈ సీజన్‌లో మాత్రం డైరీలో మూడు మార్కులు వేసిన రోజులు నాలుగే. పోయినేడాది అదే నెలన్నరలో ఇరవై ఆరు. ఇందులో ఇంజెక్షన్ ఎంత, స్ప్రే ఎంత, కిటికీలెంత అనేది విడదీయలేను. ఈసారి స్ప్రే కూడా తుమ్ములు మొదలయ్యాక కాకుండా, పోయినేడాది డైరీలో మొదటి తుమ్ము రాసిన తేదీకి రెండు వారాల ముందే మొదలుపెట్టా.

మా పాపకి తొమ్మిదేళ్ళు. పోయిన నెల నుంచి అరచేత్తో ముక్కు కింద నుంచి పైకి రుద్దుకుంటోంది, ముక్కు మీద అడ్డంగా సన్నటి గీత పడింది. నాకు చూడగానే తెలిసిపోయింది, అలర్జీ పిల్లల్లో కనిపించే గీత అది. దానికి నాలాగా రెండేళ్ళు పోకూడదని వెంటనే టైం తీసుకున్నా, వచ్చే గురువారం టెస్టు. మందులు ఆపి మూడు రోజులైంది, పొద్దున్నే తుమ్ముకుంటూ డాబా ఎక్కి రిబ్బన్ ఎటుందో చూసొచ్చి నాకంటే ముందే కిటికీలు వేసేస్తోంది.